కారు సంగతి మీ బావగారిని అడగకు

తాడేపల్లిగూడెం,
24-8-2005

చిరంజీవి సోమసుందరానికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, కారు తప్ప.

మీ బావగారి మాట నమ్మి నువ్వూ మా కారులాంటి చిన్న కారుకే అడ్వాన్సు ఇవ్వబోతున్నావని అమ్మ ఫోనులో చెప్పింది. ఇవ్వకు. అప్పుడే చెబుదామంటే ఆయన నా పక్కనే కూర్చున్నారు, అందుకే ఈ కార్డు.

మొన్న గణపవరంలో గృహప్రవేశానికి వెళ్లి వస్తుంటే చేపల చెరువుల దగ్గర ఆగిపోయింది. ఈ నెలలో నాలుగోసారి. ఆయన స్టీరింగు వదలరు కదా, పట్టుచీర కుచ్చెళ్లు పైకి దోపుకుని ఆ బురదలో నేనే తోశాను. దారిన పోయే పెద్దమనిషి ఒకాయన జాలిపడి నాతోపాటు చెయ్యి వేశారు. తోస్తూనే, "ఏవండీ, మేమూ ఇదే కొందామనుకుంటున్నామండీ. బండి ఎలా ఉందండీ?" అని కేకేసి అడిగారు. మీ బావగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "బంగారమండీ! మూడేళ్లలో ఒక్కరోజూ ఇబ్బంది పెట్టలేదండీ" అన్నారు. వెనకాల నేను రొప్పుతున్నానురా! ఒళ్లు మండిపోయింది. కొన్నవాళ్లలో ఒక్కరూ నిజం చెప్పరు, చెబితే ఇలాంటి డొక్కు బండి కొన్నది తామేనని ఒప్పుకోవాలి మరి.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇటు ఎవరైనా వస్తే కందిపొడి పంపించు. పిల్లలకి ముద్దులు.

ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసి వస్తానంటే ఆయన కారులో దింపుతానంటున్నారు. నేను నడిచే వెళ్తున్నాను. నువ్వు అడ్వాన్సు ఇచ్చేలోపు ఇది నీకు అందాలి.

మీ అక్క,
వెంకటసుబ్బలక్ష్మి