ఒకే రక్తం, రెండు రిపోర్టులు

ఉప్పల్, సోమవారం రాత్రి

తప్పు చేసింది నాచారం ల్యాబు వాళ్లు. జన్యువును సగమే చూసి, ఆ మాట దాచి, మా బాపు రిపోర్టులో ‘నార్మల్’ అని రాశారు.

గుండెకు స్టెంట్ వేశాక బాపు వాడుతున్న మాత్ర, రక్తం గడ్డకట్టకుండా చేసేది, ఆయన ఒంటికి బాగా పనిచేస్తుందని ఆ పరీక్ష చెప్పింది. ఈరోజు ఉప్పల్‌లో ఇంకో ల్యాబు ఇచ్చిన రిపోర్టేమో అదే మాత్ర సరిగా పనిచేయదంటోంది. మనిషి మారలేదు, జన్యువు మారలేదు.

నాచారం వెళ్లి రెండు కాగితాలూ కౌంటర్ మీద పెట్టాను. అక్కడి అతను తాపీగా చదివాడు.

“మేం జన్యువుల రెండు చోట్లనే సూస్తం తమ్మీ. వాళ్లు ఇంకో చోట గూడ సూసిన్రు. మాది తప్పెట్లయితది?”

“సూడలేదని రాయాలె గదన్నా?”

“ఫారంల ఆ గడి లేదు.”

గడి లేదట.

ఇంటికొచ్చి చెబితే బాపు నవ్వాడు. “ఒక్కసారి పరీక్ష జేస్తె బతుకంత పనికొస్తదని కాలనీల కాగితాలు పంచింది నువ్వే గదరా. పొద్దుగాల ఏ గోలి మింగాల్నో గా కాగితాన్నే అడుగు.”

తాను చూసేదాకా మాత్ర ఆపొద్దని డాక్టర్ ఫోన్లో చెప్పారు. రేపు సాయంత్రం చూస్తారు. కానీ నా మాట నమ్మి నాచారంలోనే పరీక్ష చేయించుకున్న పదకొండు ఇళ్ల వాళ్లు? వాళ్ల ‘నార్మల్’ ఎంతవరకు నిజమో...

కొత్త కరపత్రం రాశాను. మొదటి వాక్యంలో నా తప్పు ఒప్పుకున్నాను. చివరి వాక్యం ఇది: రేపు ఉదయం తొమ్మిది గంటలకు మీ రిపోర్టులు పట్టుకుని నాచారం ల్యాబు గేటు దగ్గరికి రండి, మందులు మాత్రం వేసుకునే రండి.