బొగ్గు బస్సు పట్టని షెడ్డు

వనపర్తి, జూలై 1944

బస్సుల పైఅధికారి గారికి, వనపర్తి షెడ్డు మిస్త్రీ నమస్కరించి రాసుకునేది.

యుద్ధం వల్ల పెట్రోలు కరువై మన బస్సులకు వెనుక బొగ్గు పొయ్యిలు బిగించారు గదా. పోయిన నెల మా పాత షెడ్డు కప్పు కారి, కాగుతున్న పొయ్యిలో నీళ్లు పడ్డాయి. ఆవిరి తన్ని, పొయ్యి రాజేసే మా కూలీ మాసయ్య చేతులు రెండూ ఉడికిపోయాయి. ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. "కొత్త షెడ్డయినంక ఎవ్వరికీ గిట్ల గాదు గద?" అని అతని భార్య ఎస్తేరమ్మ అడిగితే, కాదని మాటిచ్చాను.

తమరు మంజూరు చేసిన కొత్త షెడ్డుకు నిన్న ముగ్గు పోశారు. అది పెట్రోలు రోజుల నాటి, వెనుక పొయ్యి లేని బస్సు కొలత. బస్సు లోపల, పొయ్యి వానలో. ఇదేమిటని అడిగితే షెడ్డు నక్షా గీసిన మీ గుమాస్తా, "నక్షా పాసైంది, ఇగ మారదు. బస్సునే జర కురచ చెయ్యరాదు?" అన్నాడు.

రంపం నా దగ్గరుంది. ముందున్న ఇంజను కోయాలో, వెనుకున్న పొయ్యి కోయాలో, నడుమ కూర్చునే జనాన్ని కోయాలో తమరే సంతకం చేసి పంపండి. అది కుదరకపోతే, ఎస్తేరమ్మకు జవాబు తమరే రాయండి.