బియ్యం కడిగిన నీళ్ళు

నేపర్‌విల్,
1984 ఏప్రిల్ 23.

చిరంజీవి దెబోరాకు నాన్న దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నీ హాస్పిటల్ ట్రైనింగు సాఫీగా సాగుతోందని తలుస్తాను. అల్లుడు జోసఫ్ రోజూ ట్రైన్‌లో షికాగో వెళ్ళి వస్తున్నాడు. నిన్న ఈస్టర్ ఆరాధనలో లూసీ తెలుగు పాట పాడింది. తర్వాత, మమ్మీ జెర్సీ సిటీ నుంచి ఎప్పుడొస్తుందని ఆంటీలందరినీ అడిగింది.

పెరట్లో రాళ్ళ మధ్య నువ్వు విత్తనం వేసి పెంచిన మాస్ క్యాంపియన్ మొక్క నడిమధ్య గోధుమరంగుకి తిరిగిందని కిందటి ఉత్తరంలో రాశాను. వాన పడిందా, గులకరాళ్ళు జరిగాయా అని అడిగావు. రెండూ కాదు. మూడేళ్ళకి అరచేతి వెడల్పు దిండులా పెరిగింది. అది చలికొండల మొక్క, మొదలు దగ్గర తడి నిలిస్తే కుళ్ళుతుందని నువ్వే చెప్పావు. అందుకని, తడి ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని శనివారం కిటికీ దగ్గర కూర్చున్నాను.

మీ అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసింది. వద్దన్నాను.

"రాళ్ళల్లో పెట్టి గొంతెండగడుతుందా? మీ కూతురు మొక్కని పెంచుతోందా, శిక్ష వేస్తోందా?" అంది.

నవ్వాను. కాసేపటికి మళ్ళీ గిన్నెతో వచ్చింది.

"ఇందాకే పోశావు కదా."

"ఎప్పుడు పోశాను? మీరు పేపర్లోంచి తలెత్తితేగా తెలిసేది!"

లూసీ ఆమె కొంగు పట్టుకుంది. "అమ్మమ్మా, ప్లాంట్ తాగింది. ఎనఫ్."

మూడోసారి కూడా పోసింది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే మూడు గిన్నెల్లో బియ్యం నానుతున్నాయి. పొయ్యి మీద ఖాళీ గిన్నె మాడుతోంది. లూసీ దాని పక్కనే నిలబడి ఉంది.

పైన అందరం క్షేమం అని రాశాను. అది అలవాటు మాట. మీ అమ్మ మతిమరుపు చలికాలం నుంచే చూస్తున్నాను. నీ ట్రైనింగు మధ్యలో ఎందుకని దాచాను. మేలో నన్ను ఊరికి వెళ్ళమని, నువ్వు వచ్చేదాకా లూసీని అమ్మ చూసుకుంటుందని రాశావు. నేను వెళ్ళను. పిల్లని ఆమె దగ్గర ఒంటరిగా వదలకూడదు. అల్లుడికి ఇవాళ చెబుతాను. నువ్వు డాక్టరువి, దీన్ని ఏమంటారో నువ్వు చెప్పాలి. నేను చూసింది రాశాను.

మొక్క కుళ్ళినంత మేర తీసేసి పొడి గులకరాళ్ళు పోశాను. ఒక పక్క పచ్చగా ఉంది. బతుకుతుందో లేదో తెలియదు.

ఎప్పటిలాగే మీ అమ్మ కాగితం అడుగున ముందుగా తన మాట రాసి ఇచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. రెండోది కొట్టెయ్యడానికి చేతులు రాలేదు.

ఇట్లు,
మీ నాన్న
దైవాశీర్వాదం

దెబోరా, మొక్క గురించి బెంగపడకు. రోజూ మర్చిపోకుండా నీళ్ళు పోస్తున్నాను. – అమ్మ

దెబోరా, నీ మొక్క గురించి బెంగ పెట్టుకోకు. మర్చిపోకుండా రోజూ నీళ్ళు పోస్తున్నాను. – అమ్మ