రేడియేటర్‌లో పసుపు

సుధా,

ఎలా ఉన్నావని రాయబోయి ఆగాను. నువ్వు వెళ్లి ఎనిమిది నెలల పదకొండు రోజులు. ఇక్కడ చాండ్లర్‌లో ఎండలు కాస్త తగ్గాయి. అన్వి బాగానే తింటోంది. నేనూ బాగానే ఉన్నానని రాద్దామనుకున్నాను గానీ, నీ దగ్గర అబద్ధం ఎందుకు?

నీ కారు పోయింది సుధా. నేనే పాడుచేశాను.

తిట్టాలనుంటే తిట్టు... నాకూ వినాలనే ఉంది.

ఆగస్టు చివర్లో గరాజ్‌లో మొదటిసారి చూశాను. నువ్వు వేసిన మామిడిపండ్ల పెట్టె అట్ట ఇంకా ఇంజన్ కిందే ఉంది. రోజూ సాయంత్రం కారు పెట్టగానే అట్ట సరిచేసి, పొద్దున్నే దాన్ని పేపర్ చదివినట్టు చదివేదానివి. నల్లగా ఉంటే ఆయిల్, ఆకుపచ్చగా ఉంటే ఇంజన్‌ని చల్లార్చే కూలెంట్. ఆ రోజు ఆకుపచ్చ చుక్కలు మూడు.

పదిహేడేళ్ల బండి, కారడంలో వింతేముంది? మెకానిక్‌కి ఇచ్చేస్తే పోయేది. ఇవ్వబుద్ధి కాలేదు. ఆటోనగర్‌లో మీ నాన్నగారి లారీ షెడ్డులో పెరిగినదానివి, ఈ బండి మీద పరాయి చెయ్యి పడనిచ్చావా ఎప్పుడైనా? పైగా అన్వికి నువ్విచ్చిన మాట ఉంది. "లైసెన్సొచ్చిన రోజు తాళాలు నీ చేతిలో పెడతానే" అన్నావు. దాని డ్రైవింగ్ టెస్ట్ నవంబర్‌లో. అప్పటిదాకా బండి నడిస్తే చాలు. నువ్వు వెళ్లాక నేను నిలబెట్టాల్సింది అదొక్కటే అనుకున్నాను.

బానెట్ ఎత్తడానికే పది నిమిషాలు పట్టింది. నవ్వకు. "వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి, మొహం కాలుద్ది" అన్నది గుర్తుంది కాబట్టి, చల్లారేదాకా ఆగి, టార్చ్ వేసి చూశాను. రేడియేటర్ కింద తడి. చిల్లు అక్కడే అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది నువ్వు చెప్పిన పసుపు కథ. "దారిలో రేడియేటర్ కారితే మా నాన్న గుప్పెడు పసుపేసేవాడండీ. గడ్డకట్టి చిల్లు మూసుకునేది." ఎన్నిసార్లు చెప్పావో...

పోపులపెట్టెలో నువ్వు నింపిన పసుపే ఉంది. రెండు చెంచాలు వేశాను. మర్నాడు అట్ట పొడిగా ఉంది. నాలుగు రోజులు పొడిగానే ఉంది. నాకెంత సంతోషమనుకున్నావు! ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో నాలో నేనే నవ్వుకున్నాను. ఐదో రోజు మళ్లీ చుక్క. ఇంకో రెండు చెంచాలు. అలా నెల్లాళ్లలో నీ పసుపంతా అయిపోయింది.

పోయిన మంగళవారం అన్విని స్కూల్ నుంచి తీసుకొస్తుంటే, ఫ్రీవే మీద టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది. "ముల్లు లేస్తే హీటర్ ఫుల్లుగా పెట్టండి, ఇంజన్ వేడి అటు పోద్ది, బండి పక్కకి తియ్యండి" అనేదానివిగా. హీటర్ పెట్టాను. వేడిగాలి రాలేదు, ఉత్తగాలి వచ్చింది. ఇంజన్ చల్లబడిందనుకుని వచ్చే ఎగ్జిట్ దాకా పోనిచ్చాను. లోపల కూలెంట్ లేకపోతేనే వేడి రాదని నాకెలా తెలుస్తుంది? ఎగ్జిట్ చేరకముందే టకటకమని శబ్దం. తర్వాత ఏ శబ్దమూ లేదు.

ముసలి మెకానిక్ ఒకాయన రేడియేటర్‌లో వేలు పెట్టి వాసన చూశాడు. ఏం వేశావని అడిగాడు. టర్మరిక్ అన్నాను. సన్న గొట్టాలన్నీ పసుపు ముద్దతో పూడుకుపోయాయట. ఇంజన్ హెడ్ వంగిపోయిందట. ఇక లేవదట.

అసలు కారింది రేడియేటర్ కాదు సుధా. పైనున్న రబ్బరు గొట్టాన్ని బిగించే క్లాంప్ వదులైంది. నీళ్లు గొట్టం వెంబడి జారి, రేడియేటర్ కింద చుక్క కట్టాయి. పసుపు ఆ సందులో గడ్డకట్టి నాలుగేసి రోజులు ఆపిందంతే. స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు తిప్పితే సరిపోయేది.

"తడి కనపడ్డ చోటే కారుతుందనుకోకండి, పైకెళ్లి వెతకాలి" అనేదానివి. అదీ మర్చిపోయాను. నీ విషయంలోనూ అంతేగా? నడుంనొప్పి అన్నావు. నడుముకే పట్టీలు వేశాం, నడుముకే మందులు రాశాం. జబ్బు ఎక్కడో లోపల ఉంది. కనిపెట్టేసరికి... నేను ఇంకొంచెం ముందే వెతకమని ఎందుకు గొడవ చెయ్యలేదు?

పసుపు సంగతి అన్వికి చెప్పాను. అది ఏడవలేదు. నువ్వు చెప్పినదాంట్లో నేను సగమే గుర్తుపెట్టుకున్నానని చెప్పింది, తన వచ్చీరాని తెలుగులో. హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో దానికి డ్రైవింగ్ నేర్పుతూ నువ్వు మొత్తం చెప్పావట. "పసుపు బండిని ఇంటికి చేర్చేదాకానే. చేరగానే కడిగెయ్యాలి. లేకపోతే బండినే తినేసుద్ది."

ఆ రెండో ముక్క నాకూ చెప్పే ఉంటావు కదా? పద్దెనిమిదేళ్లు నీ మాటలకు ఊ కొడుతూ ఫోన్ చూసుకున్నాను. ఇంకా ఎన్ని సగాలు పోగొట్టుకున్నానో...

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని నీ మాటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాద్దామనుకున్నాం. నేను తెలుగులో, అది ఇంగ్లీష్ అక్షరాల్లో. ఒక పేజీ కూడా నిండలేదు. అందులోనూ ఎక్కువ అన్వికి గుర్తున్నవే.

కారు ఇప్పుడు మన డ్రైవ్‌వేలో ఉంది. శనివారం తుక్కు వాళ్లు వచ్చి పట్టుకుపోతారు. తాళాలు అన్వి తీసుకుని తన బ్యాగ్‌లో వేసుకుంది.

నిన్న రేడియేటర్ కింది ప్లగ్ తీసి, హోస్ పెట్టి కడగడం మొదలుపెట్టాను. కూలెంట్ విషమని, పక్కింటి కుక్క నాకుతుందని నీ భయం కదా, చుక్క నేల మీద పడకుండా పాత ప్లాస్టిక్ టబ్ పెట్టాను. పసుపు నీళ్లు వస్తూనే ఉన్నాయి. తుక్కుకి పోయే బండిని కడగడం ఎందుకని పక్కింటాయన అడిగాడు. నేను హోస్ ఇంకాస్త లోపలికి తోశాను.

ఉపయోగం లేదని నాకూ తెలుసు. అన్వికిచ్చిన మాట పోయింది. ఇంజన్ లేవదు. నువ్వూ...

కానీ టో బండితో లాగించైనా బండిని ఇంటికి చేర్చాను సుధా. చేరగానే కడిగెయ్యమన్నావు. శనివారం లోపు, తేట నీళ్లు వచ్చేదాకా కడుగుతాను. ఈ ఒక్క మాటైనా చివరిదాకా వింటాను.

నీ
రఘు