అక్క ఒంటి మీది మచ్చలు

మార్చి 9, ఉదయం 8

రోజూ జ్వరం ఎంతుందో రాసుకోమని ఆస్పత్రి సిస్టర్ ఈ నోట్‌బుక్ ఇచ్చింది. 100.4. రాశాను. ఇంకా బోలెడు కాగితం ఉంది కాబట్టి మిగతావీ రాస్తాను.

ఆమె కుడిచేతికి కట్టు ఉంది. కొరికింది నేనేనట. ఇప్పుడు ఇంజెక్షన్ నాకా నీకా అని నవ్వుతుంది. నాలుగో తేదీన నేను పనిచేసే కార్ల షెడ్డులో తల పగిలిపోతోందన్నానట. మధ్యాహ్నానికి సుత్తి తీసుకుని, సొట్టలు తీయడానికి వచ్చిన కారు అద్దాలన్నీ పగలగొట్టానట. ఆపబోయిన పెయింటర్‌కి రెండు పళ్ళు పోయాయి. నలుగురు మీదపడి నన్ను వ్యాన్‌లో వేశారు. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. షెడ్డులో నా ముద్దుపేరు సుత్తి. ఎక్కువ మాట్లాడతానని కాదు.

మంచానికి కట్టిన గుడ్డలు నిన్ననే విప్పారు. మణికట్లు ఒరుసుకుపోయాయి.

మార్చి 10

99.8. మెదడు పొరకు ఇన్‌ఫెక్షన్, మెనింజైటిస్. మూడోసారి. పంతొమ్మిదేళ్ళప్పుడొకటి, ఇరవయ్యారుకొకటి, ఇప్పుడు ముప్ఫై ఒకటికి ఇది. ఒకసారి రావడమే అరుదు, మూడుసార్లంటే ఒంట్లోనే ఏదో లోటుందని డాక్టరమ్మ అంది. రక్తం ఎక్కడికో పంపించింది. తోబుట్టువులున్నారా అని అడిగింది. ఒక అక్క ఉండేది, పదిహేడేళ్ళకు పోయిందన్నాను. ఎలా అంది. మా నాన్న కొట్టి చంపాడన్నాను.

ఆవిడ రాయడం ఆపేసింది.

మార్చి 10, సాయంత్రం

నేను చెప్పింది అబద్ధం కాదు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ రోజు అక్కకు పరీక్ష. తలనొప్పి, లేవలేనంది. నాన్న నటిస్తోందన్నాడు. జుట్టు పట్టి లేపి చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. తలుపుకు తగిలి పడింది. ఒళ్ళు కాలిపోతోందని అమ్మ అంది. దెబ్బకు వచ్చిన జ్వరమనుకున్నారు. సాయంత్రానికి తొడల మీద, చేతుల మీద, పొట్ట మీద ఊదారంగు మచ్చలు. మర్నాడు తెల్లారేసరికి లేదు.

స్నానం చేయించిన మా అత్త, అంటే నాన్న సొంత చెల్లెలు, బయటికొచ్చి ఆయన మొహాన ఉమ్మింది. పిల్లను గొడ్డును బాదినట్టు బాదావు కదా అంది. నాన్న కాదనలేదు. నేను చూసింది ఒక్క దెబ్బే. మిగతావి నేను బడికి వెళ్ళాక కొట్టాడనుకున్నాను. వీధిలో మాత్రం జ్వరమొచ్చి పోయిందని అబద్ధం చెప్పుకున్నాం.

మార్చి 11

98.9. ఇదీ రాసి పడేస్తాను. నాకు ఇరవయ్యేళ్ళు వచ్చినప్పటినుంచి నాన్నను కొడుతున్నాను. తాగి కాదు. మామూలుగానే, ఉన్నట్టుండి. ఒకసారి మెలిపెడితే ఎడమ మణికట్టు విరిగింది. మెట్లమీద జారానని ఎముకల డాక్టరుతో చెప్పాడు. ఎప్పుడూ తప్పుకోడు. కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టి నిలబడతాడు. అది చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. అమ్మ వంటింట్లో కుళాయి తిప్పుకుంటుంది, చప్పుడు వినపడకుండా.

ఇప్పుడాయన బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటున్నాడట. లోపలికి రానివ్వొద్దని సిస్టర్‌కి చెప్పాను.

మార్చి 12, మధ్యాహ్నం

జ్వరం చూడలేదు.

మార్చి 13

98.6. ఎడమచేయి ఒక్కటే విప్పారు. దానితోనే రాస్తున్నాను, కోడి గీకినట్టుంది.

నిన్న అమ్మ ఒళ్ళు తుడుస్తానంది. దుప్పటి తీసి నా తొడలు చూసి చేతిలోని తడిగుడ్డ వదిలేసింది. ఎవరు కొట్టార్రా అంది. ఎవరూ కొట్టలేదన్నాను. షెడ్డులో కొట్టారా, ఇక్కడ కట్టేసేటప్పుడు కొట్టారా అని గొంతు పెంచింది. సిస్టర్ వచ్చి, అవి దెబ్బలు కాదమ్మా, ఈ జబ్బుకు చర్మం కింద రక్తం అలా మచ్చలు కడుతుంది, ఇప్పుడు తగ్గుతున్నాయి కూడా అంది. అమ్మ ఒక్కో మచ్చ మీదా వేలుపెట్టి చూసింది. అచ్చం ఇవే అంది.

అర్థమయ్యేసరికి సెలైన్ స్టాండు నా చేతుల్లో ఉంది. గోడకేసి కొట్టాను. కిటికీ అద్దం పోయింది. మళ్ళీ కట్టేశారు.

మార్చి 17

రిపోర్టు వచ్చింది. రక్తంలో కాంప్లిమెంట్ అని కొన్ని ప్రోటీన్లుంటాయట. వరసగా ఒకదానికొకటి తగులుకుని, క్రిమి పొరకు చిల్లు పొడిచి చంపుతాయట. నాకు వాటిలో ఒకటి లేదు. తక్కువ కాదు, సున్నా. సగం లోపం అమ్మ దగ్గర, సగం నాన్న దగ్గర తెచ్చుకున్నాను. ఇకపై టీకాలు, జేబులో బిళ్ళలు. జ్వరం తగిలితే ఆస్పత్రికి పరుగెత్తాలి.

అక్క సంగతి డాక్టరమ్మను అడిగాను. రక్తం చూడకుండా ఖాయంగా చెప్పలేనంది. కానీ చెంపదెబ్బకు తొడల మీద మచ్చలు రావంది. తలనొప్పి, జ్వరం, మచ్చలు, ఒక్క రోజులో పోవడం, అన్నీ దీనికే సరిపోతున్నాయంది. ఆ పొద్దున్నే ఆస్పత్రికి తెచ్చుంటే అని అడిగాను. బతికే అవకాశం ఉండేదంది.

కాబట్టి నాన్న చంపలేదు. కాపాడనూ లేదు. వీధికి చెప్పిన అబద్ధమే నిజమైంది. మరి పదకొండేళ్ళుగా నేను చేసిందేమిటి? నా చేతులు నరికేసుకోవాలనుంది.

మార్చి 20

ఇంటికొచ్చాను. అమ్మ ఇంకా నాన్నకు చెప్పలేదు. నువ్వే చెప్పమన్నాను. నువ్వే కొట్టావు, నువ్వే చెప్పుకో అంది.

మార్చి 21, ఉదయం 10

చెప్పాను. రిపోర్టు చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివాడు. అయినా కొట్టాను కదా అన్నాడు. కొట్టావన్నాను. దానివల్ల పోలేదా అన్నాడు. కాదన్నాను. లేచి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

కాసేపటికి దబ్‌మని చప్పుడు. మళ్ళీ. మళ్ళీ. తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. భుజంతో తలుపు విరగ్గొట్టి వెళ్ళి, తలను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. నా చొక్కా నిండా ఆయన నెత్తురు. పెద్దయ్యాక ఆయన్ను కొట్టకుండా ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఎంత తేలికైపోయాడో ఇప్పుడు తెలిసింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

మార్చి 23

సాయంత్రం నాన్న నన్ను కొట్టాడు. కుడిచేత్తో, నాలుగు దెబ్బలు. తర్వాత ఆయాసపడుతూ కుర్చీలో కూర్చున్నాడు.

ఇంకా ఉన్నాయేమోనని నేను అక్కడే నిలబడ్డాను.