సోమవారం స్లాటు

ఆదిలాబాద్,
18 డిసెంబర్ 2025.

సదానందం అన్నకు, వినోద వదినకు చెల్లె జమున నమస్కారాలు చేసి రాస్తున్న సంగతులు. మా ఇంట్లో అందరం క్షేమం. మన ఊళ్లో మీరంతా బాగున్నారని నమ్ముతున్నాను.

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటని వదిన నవ్వుతుంది. నవ్వనీ. మొన్న మీ బావ ఊరికి వచ్చి, పత్తి అప్పుడే అమ్మొద్దని చెబితే నలుగురి ముందూ నువ్వన్న మాట ఇంటికొచ్చి నాకు అప్పజెప్పారు. "జమునతోటి రాయించుకరా విద్యాధర్ బావా. దాని చేతిరాత సూస్తెనే నేనాగుత. నేనాగితె ఊరాగుతది." ఎంత పెద్ద మాటన్నావన్నా! అందుకే రాస్తున్నాను. మీ బావ ఎదురుగానే కూర్చున్నారు. టీ చల్లారిపోతున్నా తాగడం లేదు.

విషయం ఇది. బయటి దేశాల పత్తి మీద ఉన్న పదకొండు శాతం దిగుమతి సుంకాన్ని సర్కారు ఆగస్టులో ఎత్తేసింది కదా. అప్పట్నుంచి నూలు మిల్లులు ఓడల్లో చవగ్గా వచ్చే పత్తినే కొంటున్నాయి. మా జిన్నింగ్ మిల్లులో గింజ తీసి కట్టిన బేళ్లు గోదాములో అలాగే పడి ఉన్నాయి, అడిగే దిక్కు లేదు. ఆ మినహాయింపు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. జనవరిలో సుంకం మళ్లీ పడితే నూలు మిల్లులు మన పత్తికోసం పరుగెత్తుకొస్తాయని, ధర సర్కారు ధరను దాటుతుందని మీ బావ లెక్క. అందుకే సోమవారం సర్కారు కొనుగోలు కేంద్రంలో పత్తి అమ్మడానికి నీకొచ్చిన స్లాటు వదిలేయమంటున్నారు.

నీ కష్టం తెలియక కాదు. ఇంటినిండా పత్తి నింపుకుని, పిల్లల్ని చలిలో అరుగు మీద పడుకోబెడుతున్నారట. వదిన పొయ్యి వాకిట్లోకి మార్చి, బీడీతో వచ్చిన ప్రతివాణ్నీ గేటు బయటే నిలబెట్టి తిడుతోందట. పత్తి దుమ్ముకు చిన్నదానికి దగ్గు తగ్గడం లేదనీ విన్నాను. అయినా ఇంకొన్నాళ్లు ఓర్చుకోండి. ఎండితే తూకం తగ్గదా అని నేనూ అడిగాను. ఆడవాళ్లకు వ్యాపారం తెలియదన్నారు. సరే, తెలియదు.

నేను ఆ ఊరి ఆడబిడ్డను. ఊరికి చేటు చేసే మాట రాస్తానా? స్లాటు వదిలేయన్నా. చిన్నదానికి మిరియాల కషాయం పట్టించండి.

ఇట్లు,
నీ చెల్లె,
జమున.

తా.క.: అన్నా, పైన రాసింది మీ బావ రెండుసార్లు సదివి, మంచిగున్నదని నా చేతికిచ్చిండు. నీకు పంపుదామని నేనే జీపు అడ్డా కాడికి తెచ్చిన. ఉట్నూర్ జీపు డ్రైవర్ రాజం బండి తుడుస్తుండు. బానెట్ మీద పెట్టి గీ నాలుగు ముక్కలు రాస్తున్న.

స్లాటు ఇడువకు. సోమవారం పొద్దుగాల్నే ట్రాక్టర్ తీస్కపో. స్లాటున్నోళ్లందరిని తోల్కపో. సుంకం మళ్ల పడ్డా ఇప్పట్ల మనకేం ఒరగదట. నూలు మిల్లులు ముందుగాల్నే పరదేశం పత్తి తెచ్చి గోదాములు నింపుకున్నయట, నెలల దాక మన దిక్కు సూడయట. గా ముచ్చట ఆయననే పార్ట్‌నర్‌కు ఫోన్‌ల చెప్తుంటె నా చెవులార ఇన్న. కొనుగోలు కేంద్రం మూసినంక మీ పత్తి మా మిల్లుకే రావాలె, ఆయన చెప్పిన ధరకే ఇయ్యాలె. గందుకే మిమ్ముల ఆపుతుండు. బేళ్లు అమ్ముడుపోక పరేషాన్ అయితుండు, గది నాకు ఎరుకే. అయితే మాత్రం మిమ్ముల ముంచుతడా?

గీ కాగితం ఎవ్వలకు సూపియ్యకు. నీ అంతల నువ్వే మనసు మార్చుకున్ననని చెప్పు. ఎట్ల చెప్పినా ఆయనకు సమజైతది, నేనే రాసిన్నని. ఆయనకు సమజైన దినం నేను మన ఇంటికే వస్త. వదినకు ఇప్పుడే చెప్పి పెట్టు.