నంబరు చెప్పని వరుస

మార్చి 14
మళ్ళీ కాదన్నారు. మూడో యూనివర్సిటీ. మర్యాదకేం తక్కువ లేదు, మూడు ఉత్తరాల్లోనూ చాలా బాధపడ్డారట. పాపం. ఇక మిగిలింది ఒక్కటే, సముద్రాల అవతలిది. అదీ కాదంటే జూన్ పదిన మా అమ్మాయి బెగాయిమ్ వాళ్ళ పిన్నితో మాస్కో పోతుంది, గోదాములో అట్టపెట్టెలు కట్టడానికి. లెక్కల్లో ఈ నరీన్ లోయకే ఫస్టు. పెట్టెలు తప్పు లెక్కపెట్టదులే అన్నాను. మా ఆవిడ బురుల్ నవ్వలేదు.

మార్చి 29, మధ్యాహ్నం
గొర్రె ఈనుతోంది, నా చెయ్యి మోచేతిదాకా లోపలుంది. పక్కింటి కలీపా అక్క సూయున్చు, సూయున్చు అని దిబ్బ మీదనుంచే అరుచుకుంటూ వచ్చింది. మంచి కబురంటే ముందు అరుపు, తర్వాత బహుమానం, ఆ తర్వాతే కబురు. పద్ధతి పద్ధతే. ఒరే శార్షెన్, చెయ్యి బయటికి తీసి నాకేమిస్తావో చెప్పరా అంది. తీశాను. చేతిలో నల్ల గొర్రెపిల్ల. ఇదే నీది, పాలు మరిచాక తోలుకుపో అన్నాను. అప్పుడు చెప్పింది, సముద్రాల అవతలివాళ్ళు కాదనలేదట, వరుసలో పెట్టారట.

దిబ్బ మీద సిగ్నల్ దొరుకుతుంది. బెగాయిమ్ అక్కడినుంచి మెల్లగా దిగి వచ్చి, వెయిట్‌లిస్ట్ నాన్నా, మంచిదేం కాదు అంది. నాకు వరుసల సంగతి చెబుతోంది! సోవియట్ కాలంలో పంచదారకీ బూట్లకీ నిలబడ్డవాణ్ణి. ఒక్కసారీ ఉత్త చేతులతో రాలేదు. ఒకసారి రెండూ ఎడమ బూట్లే ఇచ్చారు. అయినా ఇచ్చారు. నీదెన్నో నంబరే అన్నాను. చెప్పరట.

నంబరు చెప్పని వరుస నేనెక్కడా చూడలేదు.

ఏప్రిల్ 20
వరుస కదల్లేదు.

మే 27
బురుల్ సంచీ సర్దింది. పిల్ల విప్పేసింది. బురుల్ మళ్ళీ సర్దింది. కలీపా అక్క వచ్చి, ఆ గొర్రెపిల్ల నాకొద్దులే తమ్ముడూ అంది. బహుమానం వెనక్కొస్తే కబురూ వెనక్కి పోతుంది, తోలుకుపో అన్నాను.

జూన్ 8, సాయంత్రం
చావు కబురు మాలో ఎవరూ అరిచి చెప్పరు. వస్తారు, కూర్చుంటారు, టీ తాగుతారు, వానల గురించి అడుగుతారు.

బెగాయిమ్ దిబ్బ దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు టీ పోసింది. ఈ ఏడు గడ్డి బాగా లేచిందా నాన్నా అంది. పద్దెనిమిదేళ్ళలో ఆ పిల్ల గడ్డి మాట ఎత్తడం ఇదే మొదలు.

బాగానే లేచిందమ్మా అన్నాను. టీ అయ్యేదాకా గడ్డి గురించే మాట్లాడుకున్నాం. తర్వాత చెప్పింది. వరుస మూసేశారట.

జూన్ 10
పిల్ల బూట్లు చూశాను. ఒకటి ఎడమ, ఒకటి కుడి. దానితో ఒక మాట చెప్పాలి. గడ్డి సంగతి కాదు. అదేమిటంటే, ఇదిగో, బురుల్ కేకేస్తోంది, బస్సు